లెక్క రోజు దాటిన పిల్ల

అక్టోబరులో మొదటి బుధవారం నాడు డెట్రాయిట్ పడమటి పేటల్లో ఏ పిల్లకీ జ్వరం రాకూడదు. వచ్చినా ఆ పూటకి దాచుకోవాలి. ఆ రోజు లెక్క రోజు. ఆ పొద్దున బడి బల్లల ముందు ఎన్ని తలలు కనబడితే ప్రభుత్వం ఆ ఏడాదికి దాదాపు అన్ని తలలకే డబ్బిస్తుంది. మిగతా రోజుల్లో పిల్ల వచ్చిందా రాలేదా అని తొంగిచూడని పెద్దమనుషులు కూడా ఆ పొద్దున గుమ్మంలో నిలబడి ఎదురుకోళ్ళు పలుకుతారు. వచ్చీ రాగానే డోనట్లు, మధ్యాహ్నం పిజ్జా, యూనిఫాం వేసుకోకపోయినా అడిగేవాడు లేడు, సాయంత్రం చీటీ తీసి ఎవరో ఒకరికి కొత్త సైకిలు. చూసినవాళ్ళు పెళ్ళివారిల్లనుకోవాలి.

లార్క్‌గేట్ అకాడమీలో ఆ పెళ్ళికి కాళ్ళూ చేతులూ వెర్డెల్ హ్యాచెట్. అరవై దాటిన మనిషి, ఒడ్డూ పొడుగూ ఉన్న నల్లటి మనిషి, మాట కటువు, చెయ్యి మెత్తన. బడి ఆఫీసువాళ్ళు రాని పిల్లల ఇళ్ళకి ఫోన్లు చేస్తూ కూర్చుంటారు. వెర్డెల్ ఫోను చెయ్యదు, వెళ్తుంది. తన పాత గోధుమరంగు వ్యాను వీధిలో ఆపి, మెట్లెక్కి, తలుపు మీద అరచేత్తో చరుస్తుంది. లోపల్నించి సాకు వినబడితే అది పూర్తయ్యేదాకా ఓపిగ్గా వింటుంది. విన్నాక పిల్ల బూట్లెక్కడున్నాయని అడుగుతుంది. పక్కమీది పిల్లని దుప్పటితో సహా తెచ్చి వ్యానులో కూర్చోబెట్టిన ఏళ్ళున్నాయి.

ఆమె పుట్టింది ఆ పేటలోనే. తల్లి అలబామానుంచి రైలెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడింది. వెర్డెల్ చదువు హైస్కూలుతో ఆగింది. తర్వాత కార్ల సీట్లకి తొడుగులు కుట్టే ఫ్యాక్టరీలో మెషిను ముందు కూర్చుంది, ఆ ఫ్యాక్టరీ మెక్సికోకి వెళ్ళిపోయేదాకా కూర్చుంది. మొగుడు లూథర్ అంతకుముందే పోయాడు. ఆమె చదువుకున్న ప్రభుత్వ బడిని నగరంవాళ్ళు పిల్లలు తగ్గిపోయారని మూసేశారు. కిటికీలకి చెక్కలు కొట్టారు, లోపల రకూన్లనే అడవి జంతువులు కాపురం పెట్టాయి. పేటలో పిల్లలు మాత్రం ఉన్నారు. వాళ్ళు బస్సు రాని దారిలో మైళ్ళు నడిచి ఇంకో బడికి పోవాల్సి వచ్చింది.

అప్పుడొచ్చింది లార్క్‌గేట్. మూతబడ్డ కాథలిక్ బడి భవనానికి రంగులు వేసి చార్టర్ స్కూలని బోర్డు పెట్టారు. చార్టర్ అంటే ఏమిటో పేటలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఫీజు లేదు, డబ్బు ప్రభుత్వానిది, పెత్తనం ఒక కంపెనీది, అయిదేళ్ళకోసారి ఒక యూనివర్సిటీవాళ్ళు వచ్చి చూసి ఒప్పందం పొడిగిస్తారు, అంతవరకే తెలుసు. భవనం ఉంది, టీచర్లున్నారు, పిల్లలే లేరు. ముక్కూ మొహం తెలియని కంపెనీని నమ్మి ఎవరు పంపుతారు? కంపెనీవాళ్ళు తెలివైనవాళ్ళు. ఒక ఆదివారం చర్చికొచ్చి, ఎవరి మాట నలుగురూ వింటారో కనుక్కుని, వెర్డెల్‌కి ఉద్యోగమిచ్చారు. మెడలో వేసుకునే కార్డు మీద ‘కుటుంబాల నేస్తం’ అని రాశారు.

ఆ వేసవంతా ఆమె ఇల్లిల్లూ తిరిగింది. చిలగడదుంపతో ‘పై’ అనే తీపి వంటకం చేసి పట్టుకెళ్ళి ఒక్కో వంటగదిలో కూర్చుని చెప్పింది. మొదటి సంవత్సరం ఆ బడిలో చేరిన పిల్లల్లో సగానికి సగం ఆమె మాట మీద చేరినవాళ్ళే. వెర్డెల్ చెప్పిందంటే ఇంకేం చూడక్కర్లేదు అనుకున్నారు జనం. ఆమెకి ఆస్తి అంటే అదొక్కటే. ఇల్లు పాతది, వ్యాను ఇంకా పాతది.

మనం చెప్పుకునే ఏడాది లెక్క రోజున ఆమె ఎక్కిన మెట్లలో బ్రాడ్‌నాక్స్‌ల మెట్లు కూడా ఉన్నాయి. షెవాన్ బ్రాడ్‌నాక్స్ తల్లీ వెర్డెలూ ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్క మెషిన్ల మీద పనిచేశారు. ఆ తల్లి పోయాక షెవాన్‌కి వెర్డెల్ అత్తే దిక్కు. షెవాన్ గిడ్డంగిలో రాత్రి షిఫ్టు చేస్తుంది. తెల్లవారి ఇల్లు చేరి, పిల్లని తయారుచేద్దామని సోఫాలో కూర్చుని, కూర్చున్నట్టే నిద్రపోతుంది. కారు ఇంటిముందే ఉంటుంది గాని కదలదు. అందుకే కూతురు నయెల్‌కి బడి ఎక్కువగా తప్పేది. ఎనిమిదేళ్ళ పిల్ల, మూడో తరగతి, మాటలకి లోటులేదు, పుస్తకం ఇస్తే మాత్రం ఒక్కో అక్షరాన్నీ అనుమానంగా చూస్తుంది.

ఆ రోజు కూడా షెవాన్ నిద్రలోనే ఉంది. నయెల్ తనే జడ వేసుకుని, ఒక పక్క మరీ పైకి, ఒక పక్క మరీ కిందకి, వచ్చి వ్యానెక్కింది. ఉల్లిపాయలు లేని పిజ్జా ఉంటుందా అని అడిగింది. ఉంటుందంది వెర్డెల్. లేకపోతే తనే ఏరి పారేస్తానంది. ఆ పొద్దున లార్క్‌గేట్‌లో ఒక్క బల్ల కూడా ఖాళీ లేదు. డైరెక్టరు డెస్మండ్ ఏమ్స్ అందరిముందూ వెర్డెల్ చెయ్యి పట్టుకుని పైకెత్తి చప్పట్లు కొట్టించాడు.

ఈ ఏమ్స్ బయటివాడు కాదు. నాలుగు వీధుల అవతల పెరిగినవాడే. నలభై ఏళ్ళుంటాయి, మెడకి సీతాకోకచిలుక టై, నోట్లో తేనె. ప్రతి పిల్ల పేరూ తెలుసు, పేరు పక్కన పడిన అంకె కూడా తెలుసు. బడి వరండాలో ఒక పెద్ద తెర పెట్టించాడు. ఒక పక్కన పిల్లలెవరో ఉంటుంది: నూటికి తొంభైఆరుగురు నల్లవాళ్ళు, తొంభైమందికి ఉచిత భోజనం, ఇంతమంది సొంతిల్లు లేనివాళ్ళు, ఇంతమంది ప్రత్యేక శిక్షణ కావలసినవాళ్ళు. రెండో పక్కన బడి ఎలా ఉందో చెప్పే గుండ్రాలుంటాయి: హాజరుకొకటి, చదువుకొకటి, లెక్కలకొకటి. బాగుంటే ఆకుపచ్చ, బాగులేకపోతే ఎరుపు.

చందాలిచ్చే పెద్దమనుషులొస్తే ముందు ఆ తెర దగ్గరికే తీసుకెళ్ళేవాడు. మొదటి పక్క చూసి వాళ్ళ కళ్ళు చెమ్మగిల్లేవి, రెండో పక్క చూసి చెక్కు పుస్తకం తీసేవాళ్ళు. తమ పిల్లల లేమిని అలా గోడకి వేలాడదీయడం వెర్డెల్‌కి ఒళ్ళు మండించేది. అయినా నోరు నొక్కుకునేది. పిల్లలకి పుస్తకాలొస్తున్నాయి కదా, బూట్లొస్తున్నాయి కదా అని సర్దిచెప్పుకునేది.

నవంబరులో, టర్కీ కోడి వండుకునే పండగకి ముందు, ఏమ్స్ ఆమెని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఒప్పందం ఈ వేసవితో అయిపోతుందనీ, యూనివర్సిటీవాళ్ళు తెర మీద రెండో పక్కే చూస్తారనీ, రెండు ఎర్ర గుండ్రాలున్నాయనీ చెప్పాడు. కొన్ని కుటుంబాలకి తమ బడి సరిపడదేమోనన్నాడు. వాళ్ళతో మెల్లిగా మాటలు మొదలుపెట్టమన్నాడు. ఎవరా కుటుంబాలని అడిగితే నాలుగైదు పేర్లు చెప్పాడు. అన్నీ లెక్క రోజున ఆమె తలుపు చరిచి లేపుకొచ్చిన ఇళ్ళే. నయెల్ పేరు వినగానే వెర్డెల్ కుర్చీ వెనక్కి తోసింది.

నెల కిందట బతిమాలి తెచ్చిన పిల్ల ఇంతలోనే సరిపడకుండా పోయిందా అని అడిగింది. అతను నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. ఆ పిల్ల బడి రోజుల్లో పదో వంతుకన్నా ఎక్కువే ఎగ్గొట్టిందనీ, అలాంటి పిల్లలు ఎంతమంది ఉంటే హాజరు గుండ్రం అంత ఎర్రబడుతుందనీ వివరించాడు. సరే, పిల్ల రోజూ వస్తే ఆ మాట ఎత్తవు కదా అని నిలదీసింది వెర్డెల్. చూద్దామన్నాడు. ఆమె ఆ చూద్దాంని మాటగా తీసుకుంది. అక్కడే పొరబడింది. ఆ పేటలో చూద్దామంటే ఇచ్చిన మాటే. కుర్చీలో కూర్చున్నవాళ్ళ దగ్గర ఆ అలవాటు లేదు.

ఆ మర్నాటినుంచి ఆమె వ్యాను రోజూ బ్రాడ్‌నాక్స్‌ల ఇంటిముందు ఆగింది. మంచు పడ్డా ఆగింది. బ్యాటరీ మొరాయించిన రోజు పక్కింటాయన చేత తోయించుకుని మరీ వచ్చింది. షెవాన్ సోఫాలో పడి ఉంటే దుప్పటి కప్పి, పిల్ల కోటు జిప్పు లాగి, చేతికొక ఉడికించిన గుడ్డు ఇచ్చి ఎక్కించుకునేది. దారిపొడుగునా అంగళ్ళ బోర్డులు చదివించేది. మంగలి దుకాణం, టైర్ల దుకాణం, చేపల వేపుడు కొట్టు, చర్చి, మళ్ళీ చర్చి. చేపల కొట్టు దగ్గర నయెల్ ఎప్పుడూ ఆగిపోయేది. అక్కడి బోర్డులో ఒక అక్షరం ఊడిపోయింది, అది కొట్టువాడి తప్పో తన తప్పో ఆ పిల్లకి తేలేది కాదు. కొట్టువాడిదేనని వెర్డెల్ ఎన్నిసార్లు చెప్పినా, ఇవాళ పెట్టించాడేమో చూద్దాం ఆగమనేది.

మధ్యాహ్నం భోజనాల గదిలో గోల సద్దుమణిగాక ఇద్దరూ ఓ మూల కూర్చుని చదివేవారు. కప్ప గురించిన పుస్తకం ఒకటుంది. మొదట్లో ఆ కప్ప రెండో పేజీ దాటేది కాదు. క్రిస్మస్ సెలవులకి చెరువు చేరింది. జనవరి నెలాఖరులో నయెల్ పుస్తకం చివరిదాకా చదివేసి, ఇందులో ఇంకేం లేదా, ఇంతేనా అని విసుక్కుంది. వెర్డెల్ మొహం తిప్పుకుని ముక్కు తుడుచుకుంది. టీచరమ్మ కూడా పిల్ల చదువు కదిలిందని, బాగా కదిలిందని చెప్పింది.

ఫిబ్రవరిలో రెండో లెక్క జరుగుతుంది. అది చిన్న లెక్క, దాని డబ్బు కొంచెమే, అందుకని సైకిలు లేదు, ఉత్త డోనట్లే. ఆ రెండో లెక్క కూడా అయిన మర్నాడు ఏమ్స్ ఆమెని మళ్ళీ పిలిచాడు. ఈసారి నాలుగైదు కాదు, పదకొండు పేర్లు. వాటిలో నయెల్ పేరుంది. వెర్డెల్ కూర్చోలేదు.

"ఆ పిల్ల రోజూ వస్తోంది. చదువు కూడా వస్తోంది. ఇంకేం కావాలయ్యా నీకు?"

"వస్తోందని నాకు తెలుసు మిస్ వెర్డెల్, నాకూ సంతోషమే. కానీ ఏప్రిల్లో రాష్ట్రం పెట్టే పరీక్షలో ఆ పిల్ల పాసు గీత దాటదు. గీతకి వేలెడు కింద ఉన్నా ఒకటే, బారెడు కింద ఉన్నా ఒకటే. తెర మీద ఎరుపే పడుతుంది."

"అంటే పిల్ల నేర్చుకోవడం కాదు, నీ గుండ్రం పచ్చబడ్డం ముఖ్యమన్నమాట."

"ఈ బడి మూతపడితే మూడువందలమంది రోడ్డున పడతారు. పదకొండుమంది కోసం మూడువందలమందినా? మీరే చెప్పండి."

ఆ మాట ఎంత పొందిగ్గా ఉందో వెర్డెల్‌కి తెలుస్తూనే ఉంది. అదే ఆమె కడుపు మండించింది. ఆ మూడువందలమందిని చూపించి డబ్బు తెచ్చినప్పుడు ఈ పదకొండుమందీ అందులో లేరా? తల్లికి రాత్రి పనని, కారు కదలదని, ఇంట్లో పుస్తకం లేదని మొదటి పక్కన రాసి దేబిరించినవాళ్ళే, ఆ రాత్రి పనీ, ఆ కదలని కారూ చేసిన దానికి పిల్లని గెంటేస్తామంటే సిగ్గుండాలి కదా. ఇవన్నీ ఆమె పైకే అంది. ఏమ్స్ ఓపిగ్గా విన్నాడు. గెంటడం అనే మాట వాడొద్దన్నాడు.

"మనం ఎవర్నీ గెంటడం లేదు. ఆ హక్కు మనకి లేదు కూడా. తల్లిదండ్రులే ఇష్టపడి సంతకం పెట్టి తీసుకెళ్తారు."

"వాళ్ళు వద్దంటే?"

ఏమ్స్ టై సర్దుకున్నాడు. "మీరు చెప్తే ఎవరూ వద్దనరు. అందుకే కదా మిమ్మల్ని పంపిస్తోంది."

వెర్డెల్ గదిలోంచి బయటికొచ్చి, భోజనాల గదిలో బల్లలు తుడిచి, పిల్లలని ఇళ్ళ దగ్గర దింపి, ఇల్లు చేరాక కోటైనా విప్పకుండా వంటగదిలో కూర్చుంది. ఇన్నాళ్ళూ తన ఉద్యోగం ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది. లోపలికి రప్పించడానికీ ఆమె మొహమే, బయటికి సాగనంపడానికీ ఆమె మొహమే. జనం లార్క్‌గేట్‌ని ఎన్నడూ నమ్మలేదు, వెర్డెల్‌ని నమ్మారు. ఆ నమ్మకాన్ని కంపెనీ తన గుమ్మానికి తలుపులా బిగించుకుంది, తెరవాలంటే తెరుస్తుంది, మూయాలంటే మూస్తుంది. అయితే ఏమ్స్ నోరుజారి ఒక మాట చెప్పాడు. హక్కు లేదన్నాడు. వద్దంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

మర్నాడు శుక్రవారం మంచుకి బడులు మూసేశారు. శనివారం ఆమె బయల్దేరింది. ఏమ్స్ చెప్పిన ఇళ్ళకే బయల్దేరింది, ఏమ్స్ చెప్పమన్నది చెప్పడానికి మాత్రం కాదు. ప్రతి ఇంట్లోనూ ఒకే ముక్క చెప్పింది: బడివాళ్ళు పిలుస్తారు, పిల్ల మంచి కోసమే అంటారు, సంతకం పెట్టొద్దు. పెట్టకపోతే వాళ్ళు చెయ్యగలిగింది ఏమీ లేదు. కొందరు మళ్ళీ చెప్పమన్నారు. కొందరు బడి మీద తిట్లు లంకించుకున్నారు. మనవణ్ణి పెంచుకుంటున్న థాడియస్ క్వార్ల్స్ అనే ముసలాయన మాత్రం ఆమెనే పట్టుకున్నాడు. గుమ్మంలోనే నిలబెట్టి, కర్ర మీద గడ్డం ఆనించి, ఎగాదిగా చూశాడు.

"అక్టోబరులో డోనట్లు పట్టుకొచ్చావు. మా వాడు మహారాజన్నావు. ఇప్పుడేం పట్టుకొచ్చావమ్మా?"

"బుద్ధి తెచ్చుకుని వచ్చాను. లోపలికి రానిస్తావా, మంచులోనే నిలబెడతావా?"

రానిచ్చాడు. కాఫీ ఇచ్చి, తాగినంతసేపూ దెప్పాడు. ఆమె పడింది. పడాలి కూడా అనుకుంది. లేచేటప్పుడు మాత్రం, సంతకం కాదు కదా ఆ బడి గుమ్మంలో చీమిడి కూడా విదల్చనని మాటిచ్చాడు.

బ్రాడ్‌నాక్స్‌ల ఇల్లు ఆఖరున పెట్టుకుంది. వాళ్ళకి తొందర లేదనుకుంది. రోజూ చూసుకునే మనుషులు, తనని అడక్కుండా షెవాన్ కాలిజోళ్ళు కూడా కొనదు. వెళ్ళేసరికి షెవాన్ మెలకువగానే ఉంది, పొయ్యి మీద మొక్కజొన్న రవ్వ జావ కలుపుతోంది. నయెల్ ఇంట్లో లేదు, పక్కింట్లో ఆడుకుంటోంది. షెవాన్ మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. కూర్చోమంది గాని కళ్ళెత్తి చూడలేదు. వెర్డెల్ కుర్చీ లాక్కుని, పొద్దుటినుంచీ పది ఇళ్ళలో చెప్పిన ముక్కే మొదలుపెట్టింది. బడివాళ్ళు పిలిస్తే సంతకం పెట్టొద్దంది.

షెవాన్ చేతిలో గరిటె ఆగింది. "గురువారమే పెట్టేశాను కదత్తా."

వెర్డెల్‌కి ముందు అర్థం కాలేదు. ఎవరు పెట్టమన్నారంది. ఆఫీసులో కొత్తగా వచ్చిన అమ్మాయి ఫోను చేసిందట. రమ్మందట. నయెల్‌కి చిన్న తరగతులున్న బడైతే మేలని చెప్పిందట. షెవాన్ ఊరికే తలూపలేదు. పిల్ల బాగా చదువుతోంది కదా, ఇప్పుడెందుకు అని గట్టిగానే అడిగిందట.

"అడిగితే, మిస్ వెర్డెల్‌తో కూడా మాట్లాడాం, ఆవిడ కూడా ఇదే మంచిదంటున్నారు అంది. నీ పేరు చెప్పాక ఇంకెవర్ని అడగను? పెట్టేశాను."

"నన్నడగొచ్చు కదే! ఒక్క ఫోను చెయ్యకపోయావా?"

షెవాన్ పొయ్యి ఆర్పింది.

"చెయ్యాలనిపించలేదత్తా. రోజూ మంచులో మా పిల్లని మోసి మోసి నీకు విసుగొచ్చిందనుకున్నాను. నా మొహం మీద చెప్పలేక వాళ్ళచేత చెప్పించావనుకున్నాను. నీ తప్పు లేదని కూడా అనుకున్నాను."

ఆ ఆఖరి మాట వెర్డెల్‌ని చంపేసింది. తిట్టినా బాగుండేది. ఆమె లేచి షెవాన్‌ని దగ్గరికి లాక్కుంది. తనెప్పుడూ అలా అనలేదని ఒకటికి పదిసార్లు చెప్పింది. షెవాన్ నమ్మింది. వెంటనే నమ్మింది. నమ్మి బావురుమంది. కాని సంతకం అక్కడ పడిపోయింది, గురువారం సాయంత్రమే ఆ పిల్ల పేరు బడి కంప్యూటర్లోంచి ఎగిరిపోయింది.

ఆదివారం చర్చిలో వెర్డెల్ నోరు పాటకి కదల్లేదు. సోమవారం పొద్దున ఏమ్స్ కారు దిగకముందే ఆ కారు తలుపు దగ్గర నిలబడి ఉంది. నయెల్‌ని మళ్ళీ చేర్చుకోమంది. అతను అయ్యో అన్నాడు. సంతకం పడ్డాక తన చేతుల్లో లేదన్నాడు. ఏడాది మధ్యలో మూడో తరగతిలో కొత్తవాళ్ళని చేర్చుకోకూడదని కంపెనీ నియమమట. పది ఇళ్ళవాళ్ళు పొద్దున్నే ఫోన్లు చేసి సంతకాలు పెట్టేది లేదని చెప్పేశారని అతనికి అప్పటికే తెలుసు, ఆ కోపం కూడా మొహంలో ఉంది.

"నా పేరు ఎవరు వాడమన్నారు?" అంది వెర్డెల్.

"మీరు మా మనిషే కదా మిస్ వెర్డెల్. మీ పేరూ మా పేరూ వేరువేరా?"

"వేరే. అది మా అమ్మ పెట్టిన పేరు. నీ బడి పుట్టకముందునుంచీ ఈ వీధుల్లో చెల్లుతోంది. దాన్ని దొంగిలించి ఎనిమిదేళ్ళ పిల్లని కొట్టావు. నువ్వు ఈ వీధుల్లో పెరిగినవాడివి, నీకు తెలుసు నువ్వేం చేశావో."

ఏమ్స్ నోట్లో తేనె ఎండిపోయింది. ఇలా మాట్లాడితే ఉద్యోగం ఉండదన్నాడు. ఉంచుకోమని ఎవరడిగారంది. మెడలో కార్డు తీసి అతని కారు మీద పడేసి, వ్యానెక్కింది. వరండాలో తెర అప్పటికే వెలుగుతోంది. హాజరు గుండ్రం పచ్చగా ఉంది. అందులో నయెల్ వచ్చిన పొద్దుటిపూటలన్నీ కలిసే ఉన్నాయి.

అటునుంచి అటే వెళ్ళి నయెల్‌ని ఎక్కించుకుంది. నగరంవాళ్ళ బడి మైళ్ళ దూరం. అక్కడికి బస్సు లేదు. షెవాన్ షిఫ్టునుంచి ఇంకా రాలేదు, పిల్లని చేర్పించమని కాగితం మీద సంతకం చేసి ముందురోజే వెర్డెల్ చేతిలో పెట్టింది. దారిలో బోర్డులు చదవమంటే నయెల్ కిటికీకి అటు తిరిగింది. బడి గుమ్మం దగ్గర దిగాక మాత్రం అడిగింది.

"నేను చదవలేదనా పంపేశారు?"

"కాదు తల్లీ. నువ్వు చదివావు. వాళ్ళకే చదవడం రాదు."

పిల్ల ఆ జవాబుకి తృప్తిపడలేదు. వెర్డెల్‌కీ తృప్తి లేదు. లోపల ఆఫీసులో గుమస్తా ఒక లావాటి తెల్లామె, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. ఎక్కడినుంచి అని అడిగి, జవాబు విని నిట్టూర్చింది. రెండు లెక్కలూ అయ్యాక వచ్చిందన్నమాట అంది. ఇలా వచ్చిన పిల్లల్లో ఇది మొదటిది కాదంది. పిల్ల పేరు పెట్టి వచ్చిన డబ్బు అక్కడ ఉండిపోయిందనీ, పిల్ల మాత్రం ఇక్కడికొచ్చిందనీ, ఏప్రిల్లో పరీక్ష ఇక్కడే రాస్తుందనీ, ఎరుపు పడితే తమ బడి మీదే పడుతుందనీ, ఎవర్నీ తిట్టకుండా, వాతావరణం సంగతి చెప్తున్నట్టు చెప్పింది. నయెల్‌కి వినబడకూడదని ఆలస్యంగా గుర్తొచ్చి, డ్రాయరులోంచి ఒక మిఠాయి తీసి ఇచ్చింది.

తర్వాత కీబోర్డు దగ్గరికి లాక్కుని వరసగా అడగడం మొదలుపెట్టింది. పేరు, పుట్టినరోజు, ఇంటి చిరునామా, నల్లవాళ్ళా తెల్లవాళ్ళా, ఉచిత భోజనం కావాలా. వెర్డెల్ అన్నిటికీ జవాబు చెప్పింది. ఈ ప్రశ్నలన్నీ ఆమెకి కంఠతా వచ్చు. వందలమంది తల్లులని తనే అడిగింది, అవి ఏ తెర మీదకి ఎక్కుతాయో తెలియకుండా అడిగింది.

"పిల్లకి మీరేమవుతారు?"

నయెల్ మిఠాయి బుగ్గన పెట్టుకుని వెర్డెల్ వంకే చూస్తోంది.

"ఏమీ కాను. ఈ పిల్లని ఆ బడిలోంచి వెళ్ళగొట్టడానికి వాడుకున్న పేరు నాది. అదే రాసుకో."

గుమస్తా కళ్ళజోడు పైకి తోసుకుని తెర వంక చూసింది. "దానికి ఇక్కడ గడి లేదమ్మా."

"అయితే పక్కన ఖాళీ ఉంటుంది కదా, అక్కడ రాయి," అంది వెర్డెల్. రాసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.